రాజు బొమ్మ వెయ్యొద్దన్నారు, పక్కింటి బొమ్మలు వేశారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచిక మధ్య పేజీల్లో పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి లితోగ్రాఫులు (రాయి మీద గీసి అచ్చేసిన బొమ్మలు) కొన్ని వేశాం కదండీ, ఎక్కువ ఒనోరే దోమియే అనే కార్టూనిస్టువి, ఒకటి రెండు గవర్నీ అనే ఇంకొకాయనవి. లాయర్లూ, మోసగాడు మకేరూ, రాసుకుంటున్న తల్లీ, చలికి బిగుసుకుపోయిన థర్డ్ క్లాస్ ప్రయాణికులూ. వాటి మీద ఉత్తరాలూ, వాట్సాప్ మెసేజులూ బోలెడొచ్చాయి, అందులోనూ గోదారి జిల్లాల నించే ఎక్కువ. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న (భీమవరం నించి ఒక డిగ్రీ స్టూడెంట్): సార్, దోమియే రాజకీయ కార్టూన్లు వేసి జైలుకి కూడా వెళ్ళాడని మా ఫ్రెండ్ అంటున్నాడు. మీరు వేసినవాటిల్లో అన్నీ మొగుడూ పెళ్ళాలూ, కోర్టులూ, రైళ్ళే ఉన్నాయి. రాజకీయం ఏది?

జవాబు: నీ ఫ్రెండ్ చెప్పిందీ నిజమే, నువ్వు చూసిందీ నిజమే బాబూ, ఆ రెండిటి మధ్యలో ఒక చట్టం ఉంది.

1830 జులైలో పారిస్‌లో తిరుగుబాటొచ్చి లూయీ ఫిలిప్ అనే ఆయన రాజయ్యాడు. పత్రికలకి స్వేచ్ఛ ఇస్తానన్నాడు. ఆ మాట నమ్మి షార్ల్ ఫిలిపోన్ అనే ఆయన ఆ ఏడాది నవంబర్‌లోనే 'లా కారికతూర్' అనే వారపత్రిక పెట్టాడు, 1832 డిసెంబర్‌లో 'ల షారివారి' అనే దినపత్రిక కూడా మొదలెట్టాడు, రోజుకో కొత్త బొమ్మ అన్నమాట. ఈ ఫిలిపోన్ గుండె ధైర్యం ఎలాంటిదంటే, రాజుని అవమానించావని 1831లో కోర్టుకి లాగితే జడ్జీల ముందే కాగితం మీద నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది అచ్చంగా రాజు మొహం, రెండోది కాస్త బుగ్గలు జారినట్టు, మూడోది ఇంకాస్త, నాలుగోది పియర్ పండు. 'మొదటిది తప్పయితే రెండోది కూడా తప్పే, అలా అయితే చివరికి పియర్ పండు గీసినవాళ్ళందర్నీ జైల్లో పెట్టాలి' అన్నది ఆయన వాదన. శిక్ష మాత్రం తప్పలేదు. కానీ ఆ తర్వాత పారిస్ గోడల మీద ఎక్కడ చూసినా పియర్ పండే!

దోమియే 1808లో మార్సేలో పుట్టాడు, అద్దాలు బిగించే పనివాడి కొడుకు. ఫిలిపోన్ దగ్గర చేరేనాటికి కుర్రాడే. 1831 చివర్లో వేసిన 'గార్గాంతువా'లో (పాత ఫ్రెంచి కథల్లో తిండిపోతు రాక్షసుడి పేరది) రాజు పెద్ద కుర్చీలో కూర్చుని ఉంటాడు, నోట్లోంచి కిందకి ఒక పలక వేసి ఉంటుంది, దాని మీద పేదవాళ్ళ డబ్బు బుట్టలకెత్తి పైకి మోసుకెళ్ళి ఆ నోట్లో పోస్తుంటారు, కుర్చీ కిందనించేమో బిరుదులూ, పదవుల కాగితాలూ రాలుతుంటాయి. దీనికే 6 నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా. బయటికొచ్చాక 1834 ఏప్రిల్‌లో పారిస్‌లో ట్రాన్స్‌నోనాన్ వీధిలో సైనికులు ఒక ఇంట్లోకి చొరబడి నిద్రలో ఉన్నవాళ్ళని చంపేస్తే ఆ గది బొమ్మ వేశాడు. అందులో ఒక్క సైనికుడూ కనపడడు. మంచం పక్కన రాత్రి చొక్కాతో పడున్న తండ్రి, ఆయన ఒంటి కింద నలిగిన పసిపిల్ల, అంతే. ఆ ప్రింట్లు ఎక్కడ దొరికితే అక్కడ పోలీసులు లాక్కున్నారు.

1835 జులైలో రాజు మీద హత్యాప్రయత్నం జరిగింది. రాజు బతికాడు గానీ చుట్టూ ఉన్నవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. దాన్ని అడ్డం పెట్టుకుని సెప్టెంబర్‌లో కొత్త చట్టాలు తెచ్చారు, ఇక మీదట ఏ బొమ్మ అచ్చెయ్యాలన్నా ముందు సర్కారు అనుమతి కావాలి. గమనించు, రాతకి ముందస్తు అనుమతి అక్కర్లేదు, బొమ్మకే కావాలి. ఎందుకంటే రాసింది చదివితే ఒక అభిప్రాయం అంట, బొమ్మ చూస్తే మాత్రం మనిషి లేచి ఏదో ఒకటి చేసేస్తాడంట. బొమ్మ బలం ఏంటో దాన్ని ఆపేవాళ్ళకే బాగా తెలుసని నాకు అక్కడే అర్థమైంది.

'లా కారికతూర్' మూతపడింది. 'ల షారివారి' మాత్రం బతకాలి, రోజూ బొమ్మ కావాలి, రాజుని వెయ్యకూడదు, మంత్రిని వెయ్యకూడదు. ఇంకెవర్ని వేస్తారు? ఇంటి ఓనర్ని, అద్దెకున్నవాణ్ణి, గుమాస్తాని, డాక్టర్ని, ఆదివారం పెళ్ళాం పిల్లలతో ఊరి బయటకి షికారెళ్ళి వానలో తడిసినవాణ్ణి. నువ్వు చూసిన బొమ్మలు అలా పుట్టాయి. 1848లో రాజు పారిపోయి రిపబ్లిక్ వచ్చాక మళ్ళీ రాజకీయం వేశాడు, 1851లో లూయీ నెపోలియన్ అధికారం లాక్కున్నాక మళ్ళీ నోరు నొక్కారు, మళ్ళీ ఇంటి బొమ్మల్లోకి వెళ్ళాడు. బతికినన్నాళ్ళూ ఇదే వరస, మొత్తం మీద 4000 దాకా లితోగ్రాఫులు.

నా మటుకు నాకు ఇంటి బొమ్మలే గొప్పవనిపిస్తాయి. రాజుని వేసినప్పుడు కోపం ఉంటుంది, ఎదటివాడు శత్రువు. పక్కింటివాణ్ణి వేసినప్పుడు మాత్రం ఆ పత్రిక డబ్బిచ్చి కొనేదే ఆ పక్కింటివాడు, పొద్దున్నే కాఫీ తాగుతా తన బొడ్డూ, తన పిసినారితనం, తన పెళ్ళాం ముందు తన వెర్రి మొహం తనే చూసుకుంటున్నాడు, చూసుకుని మర్నాడు మళ్ళీ కొంటున్నాడు. అలా ఏళ్ళ తరబడి చూపించి ఒప్పించడం మామూలు విషయం కాదు.

ప్రశ్న (పాలకొల్లు నించి ఒక పాఠకురాలు): లితోగ్రాఫు అంటే రాయి మీద చెక్కుతారాండీ? మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను.

జవాబు: చెక్కరమ్మా, అదే దాని ప్రత్యేకత. ఉత్త గీయడమే.

జర్మనీలో బవేరియా ప్రాంతంలో సోల్న్‌హోఫెన్ అనే చోట నున్నటి సున్నపు రాయి దొరుకుతుంది. సెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన నాటకాలు చవగ్గా అచ్చేసుకోవాలని తంటాలు పడి 1790ల చివర్లో ఈ పద్ధతి కనిపెట్టాడు. ఆ రాయి మీద మైనం, సబ్బు, మసి కలిపిన జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ వేస్తారు. తర్వాత తుమ్మబంకలో కాస్త ఆసిడ్ కలిపి పూస్తారు. అప్పుడు రాయిని తడిపితే, నూనె పెట్టిన తల మీద నీళ్ళు నిలవనట్టు, గీత ఉన్నచోట నీళ్ళు నిలవవు, ఖాళీ రాయి మాత్రం నీళ్ళు పట్టుకుంటుంది. దాని మీద జిడ్డు ఇంకు రోలర్ దొర్లిస్తే ఇంకు గీతలకే అంటుతుంది. కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కడమే. బొమ్మ కుడి ఎడమలు తిరగబడి వస్తుంది కాబట్టి రాయి మీద అంతా అద్దంలో చూసినట్టు తిరగేసి ఆలోచించుకుని వెయ్యాలి.

దీనికి ముందు పద్ధతుల్లో చిత్రకారుడు గీసింది ఇంకో పనివాడు చెక్క మీదో రాగి రేకు మీదో చెక్కేవాడు, అందుకు రోజులు పట్టేది, పైగా ఆ చెక్కేవాడి చెయ్యి కూడా బొమ్మలో కలిసిపోయేది. లితోగ్రాఫులో దోమియే చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందో, ఎక్కడ తేలిగ్గా తాకిందో అదే కాగితం మీదకి వస్తుంది. పైగా వేగం. ఇవాళ గీస్తే రేపో ఎల్లుండో పేపర్లో ఉంటుంది. రోజుకో బొమ్మ అనే ఆలోచన రావడానికి కారణం ఈ రాయే.

పని అయ్యాక ఆ రాయిని ఇసకతో అరగదీసి దాని మీదే ఇంకో బొమ్మ వేసేవారు. అంటే మూల చిత్రం ఎక్కడా మిగలదమ్మా, ప్రింట్లే మిగులుతాయి.

మీ అమ్మాయికి ఇలా చెప్పండి: మన ఇళ్ళల్లో దేవుడి గదిలో ఉండే రవివర్మ లక్ష్మీ, సరస్వతీ పటాలు కూడా మొదట్లో లితోగ్రాఫులే. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్ పెట్టింది ఈ పద్ధతిలోనే అచ్చెయ్యడానికి. అక్కడ రంగు రంగుకీ ఒక రాయి కావాలి, ఫ్రెంచి పేపర్ బొమ్మకేమో నలుపుకి ఒక్క రాయి చాలు.

ప్రశ్న (అమలాపురం నించి ఒక అడ్వొకేట్ గారు): మా వృత్తిని మరీ అంత హీనంగా చూపించాడు. అతనికి లాయర్ల మీద పగ ఏమైనా ఉందా?

జవాబు: పగ అనను గానీ దగ్గర్నించి చూశాడండి. చిన్నప్పుడు కోర్టు నోటీసులు అమలు చేసే అధికారి ఆఫీసులో కాగితాలు మోసే కుర్రాడిగా పనిచేశాడు. తర్వాత తనే ముద్దాయిగా నిలబడ్డాడు. 'న్యాయస్థానం మనుషులు' అని 1845 నించి 1848 దాకా వేసిన ఆ వరస బొమ్మలు ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన రోజుల్లోవి, అది 1847 కదా. అప్పటి పారిస్ కోర్టు వరండాలు మీకు తెలియనివి కావనుకుంటాను.

మేం వేసినవాటిల్లో పెద్ద మెట్ల బొమ్మ ఇంకోసారి చూడండి. ఇద్దరు లాయర్లు న్యాయభవనం మెట్లు దిగుతున్నారు. తలలు పైకెత్తి ఉన్నాయి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి, చంకలో కాగితాల కట్టలు, నల్ల గౌన్లు మెట్ల మీదగా జారుతున్నాయి. ఎవరితోనూ మాట్లాడట్లేదు, ఏ తప్పూ చెయ్యట్లేదు. ఉత్తినే దిగుతున్నారు, అంతే. అయినా వాళ్ళ దగ్గరకెళ్ళి 'అయ్యా నా కేసు' అనడానికి మనకి నోరు రాదు! ఆ ఎత్తిన గడ్డాలే ఆ పని చేశాయి. ఇంకో బొమ్మలో కేసు ఓడిపోయిన ఆడమనిషితో లాయరంటాడు, కేసు పోయిన మాట నిజమేనమ్మా, కానీ నా వాదన వింటుంటే నీకు ఎంత ఆనందంగా ఉండుంటుందో అని.

మీరు నొచ్చుకున్నారు, అర్థమైంది. కానీ ఆయన వేసింది వృత్తిని కాదండి, ఎదటివాడి కష్టం తన ప్రదర్శనకి వేదిక అయిపోయిన క్షణాన్ని. మన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు కూడా ప్లీడర్ల మీద ప్రహసనం రాశారు. ఆయనకీ కోర్టుల మీద ద్వేషం లేదు, కక్షిదారు మీద జాలి ఉంది.

ప్రశ్న (తణుకు నించి ఒక వ్యాపారి): ఆ మకేర్ బొమ్మ చూసి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం, తర్వాత నవ్వు ఆగిపోయింది. చిట్టీల పేరుతో మా బజార్లో ఒకతను అలాగే ముంచి పోయాడు. ఈ మకేర్ నిజం మనిషేనా?

జవాబు: కాదండి, రోబేర్ మకేర్ అసలు నాటకంలో పాత్ర. 1823లో ఒక చవకబారు ఏడుపు నాటకంలో దొంగ వేషం వేసిన ఫ్రెడరిక్ లెమేత్ర్ అనే నటుడు దాన్ని నవ్వుల పాత్రగా మార్చేశాడు, జనం విరగబడి చూశారు. దాన్ని ఫిలిపోన్, దోమియే కలిసి 1836 నించి 1838 దాకా 100 బొమ్మలు చేశారు. బొమ్మ దోమియేది, కింద మాటలు ఫిలిపోన్‌వి. ఒక దాంట్లో మకేర్ లాయరు, ఒక దాంట్లో డాక్టరు, ఒక దాంట్లో పత్రిక ఓనరు, ఒక దాంట్లో పెళ్ళిళ్ళ పేరయ్య. ఎక్కడ డబ్బుంటే అక్కడుంటాడు. పక్కనే బెర్ట్రాండ్ అని ఒక చిక్కి శల్యమైన శిష్యుడు.

మేం వేసింది మొదటి బొమ్మ. మకేర్ అంటాడు, మనం బాంకు పెడదాం, కోట్ల కోట్ల మూలధనం, లక్షల కోట్ల షేర్లు, ఫ్రాన్స్ బాంకునే ముంచేద్దాం అని. బెర్ట్రాండ్ భయంగా మరి పోలీసులో అంటాడు. ఎంత తెలివితక్కువవాడివిరా, కోటీశ్వరుణ్ణి ఎవరైనా అరెస్టు చేస్తారా అంటాడు మకేర్. సరిగ్గా ఆ రోజుల్లోనే పారిస్‌లో షేర్ల కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి, మామూలు సంసారులు దాచుకున్న డబ్బు పోసి మునిగిపోయారు, వాళ్ళే ఈ బొమ్మ చూశారు. రాజుని వెయ్యకూడదని చట్టం తెచ్చిన ఏడాదికే ఇది మొదలైంది చూడండి. రాజు లేడు ఇందులో, కానీ రాజు హయాంలో ఎవరు బాగుపడ్డారో అంతా ఉంది.

మీకు జరిగిన నష్టానికి చాలా బాధగా ఉంది. పోలీసు కంప్లయింటు ఇవ్వకపోయుంటే ఇప్పటికైనా ఇవ్వండి, రసీదులూ పాస్‌బుక్కూ జాగ్రత్త చెయ్యండి.

ప్రశ్న (నరసాపురం నించి ఒక టీచర్ గారు): రాసుకుంటున్న తల్లి, తొట్టిలో మునిగిపోతున్న బిడ్డ. దీన్ని మీరు మెచ్చుకుంటూ వేశారా? నాకు చాలా కోపం వచ్చింది.

జవాబు: మెచ్చుకుంటూ వెయ్యలేదు మేడమ్, కానీ పక్కన ఒక్క ముక్కైనా రాసి ఉండాల్సింది, ఇప్పుడు రాస్తున్నా.

అది 1844లో వచ్చిన 'నీలి మేజోళ్ళు' అనే 40 బొమ్మల వరసలోది. చదువుకుని రాసే ఆడవాళ్ళని అక్కడ ఆ పేరుతో ఎగతాళి చేసేవారు. తల్లి కిటికీ దగ్గర బల్ల మీద వంగి రాతలో మునిగి ఉంటుంది, వెనక తొట్టిలో బిడ్డ తలకిందులుగా, కాళ్ళు మాత్రం పైకి. కింద మాట: తల్లి రచనా జ్వాలలో ఉంది, బిడ్డ స్నానం నీళ్ళలో ఉంది. గీత ఎంత బాగుందో అంత అన్యాయం ఆ బొమ్మ. ఎందుకంటే పిల్లని చూడాల్సిన తండ్రి ఆ బొమ్మలో లేనే లేడు, ఎక్కడున్నాడని ఎవరూ అడగరు కూడా. తండ్రి రాసుకుంటుంటే బిడ్డ నీళ్ళలో పడ్డ బొమ్మ దోమియే వెయ్యలేదు. లాయరు ముందు పేద కక్షిదారు పక్కన నిలబడ్డ మనిషి, ఇంట్లో ఆడమనిషి విషయానికొచ్చేసరికి మొగుడి కుర్చీలో కూర్చున్నాడు. అప్పటి పత్రిక పాఠకులు ఎక్కువ మగవాళ్ళే, వాళ్ళకి నచ్చేది వేశాడు అనొచ్చు, కానీ అది కారణమే గానీ సమర్థన కాదు.

గవర్నీ కాస్త వేరు. ఫాషన్ బొమ్మలతో మొదలైనవాడు కాబట్టి బట్టల మడతలూ, ఆడవాళ్ళు నిలబడే తీరూ ఆయనకి బాగా తెలుసు, బొమ్మల కింద మాటలు కూడా తనే రాసుకునేవాడు. 1840ల మొదట్లో 'లోరెట్లు' అని వేశాడు, మగవాళ్ళు డబ్బిచ్చి ఉంచుకున్న ఆడవాళ్ళ బతుకులు. వాళ్ళ తెలివీ, విసుగూ, ముందు ముందు ఏమవుద్దో అన్న భయం కూడా అందులో ఉంటాయి. పూర్తి న్యాయం చేశాడని అనను, కానీ వాళ్ళ మాట వినపడుతుంది. మీ క్లాసులో పిల్లలకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని నా మనవి, దోమియేది దాచెయ్యొద్దు. అంత మంచి చెయ్యి కూడా ఎక్కడ తప్పిందో వాళ్ళకి తెలియాలి కదా.

ప్రశ్న (రాజోలు నించి కార్టూన్లు నేర్చుకుంటున్న కుర్రాడు): జోకు తట్టట్లేదు సార్, ఏం చెయ్యాలి?

జవాబు: జోకు సంగతి వదిలెయ్ తమ్ముడూ. దోమియే బొమ్మల కింద మాటలు చాలా వరకు ఆయన రాసినవే కాదు, పత్రికలో వేరేవాళ్ళు రాసేవారు. మన దగ్గర బాపు గారి బొమ్మా, రమణ గారి మాటా ఉన్నట్టు. కాబట్టి ముందు మాట మీద చెయ్యడ్డం పెట్టి బొమ్మే చూడు. మాట లేకుండా ఆ మనిషి ఎవరో, ఇప్పుడే ఏం జరిగిందో తెలుస్తోందా? దోమియేలో తెలుస్తుంది. చలికాలం థర్డ్ క్లాస్ ప్రయాణికుల బొమ్మ, 1856ది, అందులో మాట ఏదైనా కావచ్చు, బిగుసుకుపోయిన ఆ ఒళ్ళు చూస్తే చాలు.

రోజూ నరసాపురం పాసింజర్ ఎక్కే స్టేషన్లోనో, రేవు దగ్గరో, ఎమ్మార్వో ఆఫీసు బయట బెంచీ మీదో కూర్చో. మొహాలు వెయ్యకు. వీపులు వెయ్యి. డబ్బు అడగడానికొచ్చినవాడి వీపూ, ఇవ్వడానికొచ్చినవాడి వీపూ వేరుగా ఉంటాయి. స్నానాల బొమ్మలు అని దోమియే ఒక వరస వేశాడు, సేన్ నది స్నానఘట్టాల్లో కోటూ టోపీ విప్పేసిన పెద్దమనుషులు, ఒట్టి ఒంటితో. పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డం ఒక్కటి చూస్తే ఆయన ఆఫీసులో ఎలా ఉంటాడో తెలిసిపోద్ది. అలాగే ఆంరీ మొన్నియే అనే ఇంకొకాయన గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, బయటికొచ్చి ఆఫీసు బతుకులు వేశాడు. నీకు తెలిసిన చోటు నించే మొదలెట్టు. పారిస్ నేషనల్ లైబ్రరీ వాళ్ళ గల్లికా సైట్లోనూ, న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్లోనూ ఇవన్నీ ఫ్రీగా పెద్ద సైజులో ఉన్నాయి, ఫోన్లోనే చూడొచ్చు.

ప్రశ్న (యానాం నించి ఒక పాఠకుడు): మా తాతగారి పెట్టెలో ఫ్రెంచి రాతలున్న బొమ్మ కాగితం ఒకటి దొరికింది, మీరు వేసినలాంటిదే, మూల 'హెచ్ డి' అని సంతకం ఉంది. ఒరిజినలేనా? లామినేషన్ చేయించమంటారా?

జవాబు: లామినేషన్ మాత్రం చేయించకండి, దయచేసి! ఆ ప్లాస్టిక్ మళ్ళీ ఊడదు, కాగితం చచ్చిపోద్ది.

యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలోనే ఉంది కాబట్టి అలాంటి కాగితం మీ ఇంటికి చేరడంలో వింతేం లేదు. కానీ సంతకం చూసి తేల్చుకోలేం, అది రాయి మీదే వేసిన సంతకం, ప్రతి కాపీలోనూ ఉంటుంది. ముందు కాగితం వెనక్కి తిప్పండి. పేపర్లో వచ్చిన ప్రింటైతే వెనక వార్తలో, ప్రకటనలో అచ్చయి ఉంటాయి, ముందువైపుకి ఆ అక్షరాలు కాస్త కనపడతాయి కూడా. వెనక ఖాళీగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, అమ్మకానికి విడిగా మంచి తెల్ల కాగితం మీద కూడా తీసేవారు, వాటికే విలువెక్కువ. తర్వాత వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చుకుని నల్లగా ఉన్న చోట చూడండి. ఒకే వరసలో సమానంగా చుక్కలు చుక్కలుగా ఉంటే అది తర్వాతి కాలంలో ఫోటో తీసి అచ్చేసిన కాపీ. రాయి గరుకు మీద పెన్సిల్ రాసినట్టు అడ్డదిడ్డంగా, ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటే ఆశ పెట్టుకోవచ్చు.

మన తేమకి కాగితం మీద గోధుమరంగు మచ్చలొస్తాయి, వాటిని తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి. వార్తాపత్రికల మధ్యా, ఇనప బీరువాలో అడుగునా వద్దు, ఆసిడ్ లేని కాగితం ఆర్ట్ షాపుల్లో అడిగితే ఇస్తారు, దాని మధ్యలో పెట్టి చదునుగా ఉంచండి, వానాకాలం వెళ్ళాక ఒకసారి తీసి గాలికి చూసుకోండి. ముందూ వెనకా, భూతద్దం లోంచి తీసినవీ ఫోటోలు మాకు పంపండి, పైన తేదీ, కింద మాట స్పష్టంగా కనపడేలా. దోమియే బొమ్మలన్నిటికీ నంబర్లు వేసిన కేటలాగు ఉంది, అందులో పోల్చి ఏ వరసలోది, ఏ ఏడాదిది అన్నది వచ్చే సంచికలో చెప్తాం.